తురాయి ఆగడం మానేసిన వేసవి

వేసవిలో పెన్న ఏరులా ఉండదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుకే పరుచుకుని ఉంటుంది. ఆ ఇసుక మధ్యలో ఒక్క పాయ మాత్రం మోకాలి లోతున పారుతూ ఉంటుంది. పాయకు అవతల ఒక తిప్ప, ఆ తిప్ప మీద ఎవరో రైతు వేసుకున్న కర్బూజ తోట. ఇవతలి ఒడ్డున తుమ్మచెట్లు, వాటి కింద కాస్త పచ్చిక. ఆ పచ్చికలో మూడు జీవాలు కలిసి బతికేవి.

అందరికంటే పెద్దవాడు తిమ్మన్న అనే ఎద్దు. పద్నాలుగేళ్లు గానుగ తిప్పాడు. గానుగ మూతపడ్డాక యజమాని పలుపు విప్పి పొమ్మంటే నడుచుకుంటూ ఇక్కడికి వచ్చాడు. రెండోవాడు తురాయి అనే గుర్రప్పిల్ల. వాడి తల్లి జట్కాబండి లాగిన గుర్రం. ఆటోలొచ్చి జట్కాలు పోయాక ఆమెను కూడా ఏటిఒడ్డుకు తోలేశారు. ఇక్కడే తురాయిని కని, ఏడాది తిరక్కుండానే కన్నుమూసింది. అప్పటినుంచి వాడికి తల్లీ తాతా అన్నీ తిమ్మన్నే. మూడోవాడు ఓబులేసు అనే నక్క. వాడికి ఎవరూ లేరు, ఎవరైనా ఉండాలని కూడా వాడికి ఎప్పుడూ అనిపించలేదు.

ఓబులేసుకు కర్బూజలంటే ప్రాణం. కాళ్లు బాగున్న రోజుల్లో పాయ దాటిపోయి, పండినదాన్ని వాసనతో పట్టి, కడుపారా తిని వచ్చేవాడు. ఉచ్చులో పడి ముందుకాలు ఒకటి వంకరపోయాక నీళ్లలో దిగితే నిలదొక్కుకోలేకపోయాడు. రెండు వేసవులు ఎండ్రకాయలతోనూ ఎలుకలతోనూ సరిపెట్టుకున్నాడు. గాలి అటునుంచి వీచినప్పుడల్లా ముక్కు పైకెత్తి కూర్చునేవాడు.

మూడో వేసవికి తురాయికి రెండేళ్లు నిండాయి. కాళ్లు సాగి, వీపు గట్టిపడింది. ఓబులేసు కళ్లు ఆ వీపు మీద పడ్డాయి.

ఒకరోజు పొద్దున్నే వాడి దగ్గర చేరి, వాళ్లమ్మ కబుర్లు మొదలుపెట్టాడు. తిమ్మన్నకు ఆమె ముసలితనమే తెలుసు. ఓబులేసు మాత్రం ఆమెను వయసులో ఉన్నప్పుడు చూశాడు. రోడ్డు పక్క పొదల్లో నక్కి చూసేవాడట. మెడలో మువ్వలు, నుదుట ఎర్ర కుచ్చు, రైలు పక్కనే కూత పెట్టినా చెవి మాత్రం తిప్పి అలాగే నిలబడేదట. తురాయి మేత మరిచిపోయి విన్నాడు. ఇంకా చెప్పమన్నాడు. తనను వీపు మీద పాయ దాటిస్తే రోజుకొక సంగతి చెబుతానన్నాడు ఓబులేసు. వాడు వెంటనే ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నంత తేలిగ్గా పని జరగలేదు. ఓబులేసు వీపెక్కి, కుదురుగా కూర్చోవడం కోసం గోళ్లు దించేశాడు. తురాయి బెదిరి ఎగిరాడు. నక్క ఇసుకలో పడ్డాడు. లేచి ఎక్కి, ఈసారి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వాడు ఇంకా ఎత్తుకు ఎగిరాడు. మూడుసార్లు పడ్డాక ఓబులేసు కుంటుకుంటూ తిమ్మన్న దగ్గరకు వెళ్లి, ఈ పిల్లాడికి బుద్ధి లేదని ఫిర్యాదు చేశాడు.

తిమ్మన్న నెమరు ఆపి అతన్ని చూశాడు.

"గోరు గుచ్చితే వాడు నేర్చుకోడు ఓబులేసూ. గోరు తీసినప్పుడు నేర్చుకుంటాడు."

నక్కకు అంతుపట్టలేదు. తిమ్మన్న తన గానుగ రోజుల సంగతి చెప్పాడు. మొదటి యజమాని తాడు కొద్దిగా లాగేవాడట. తను మెడ అటు తిప్పీ తిప్పకముందే తాడు వదులు చేసేవాడట. మెడ తిప్పితే సుఖమని తెలిసింది, మూడు రోజుల్లో పని వచ్చేసింది. అతను పోయాక వచ్చినవాడు నడిచినా కొట్టేవాడు, ఆగినా కొట్టేవాడు. తను ఏం చేస్తే దెబ్బ ఆగుతుందో ఎంత ఆలోచించినా తెలియక, చివరికి ఆలోచించడమే మానేశాడట.

"నువ్వు వదిలిన క్షణంలో వాడేం చేస్తుంటే, నువ్వు అడిగింది అదేననుకుంటాడు," అన్నాడు తిమ్మన్న. "ఒక్క ఊపిరి ఆలస్యమైనా ఇంకోటి నేర్చుకుంటాడు. అందుకే చూస్తూ ఉండాలి. ఇంకో మాట. వాడు ఆగితే, ముందు ఎందుకు ఆగాడో చూడు."

మర్నాడు ఓబులేసు ఆ మాట ప్రకారమే చేశాడు గానీ, చురుకు చాల్లేదు. మెడ మీద ఎడమవైపు నొక్కాడు. తురాయి ఎడమకు తిరిగాడు. నక్క ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. వాడు విసిగి తల విదిలించాడు, సరిగ్గా అప్పుడు నక్క కాలు తీశాడు. ఇంకేముంది, ఆ పూటంతా ఎక్కడ ముట్టుకున్నా తల విదిలించడమే. పాయ ఒడ్డున కొంగలు చూసి నవ్వుకున్నాయి. తప్పు తనదేనని ఓబులేసు గ్రహించాడు. అది అతనిలో మంచి గుణం, ఆ రోజుల్లో ఉండేది.

పది రోజులు గడిచేసరికి గోళ్లతో పనే లేకపోయింది. పాదం మెత్తగా ఆనిస్తే చాలు, తురాయి అటు తిరిగేవాడు. తిరగగానే పాదం లేచిపోయేది. వాడి చెవి ఒకటి దారి మీద, ఒకటి వీపు మీదున్న నక్క మీద ఉండేది. తెల్లవారుతూనే పాయ దాటేవాళ్లు. రైతు రాకముందే నక్క రెండు పండ్లు తిని, ఒకటి దొర్లించి తెచ్చి గుర్రానికి పెట్టేవాడు. తిరిగొచ్చేటప్పుడు తల్లి కబుర్లు. వానలో జట్కా దిగబడితే ఆమె ఒక్కతే ఎలా లాగిందో, పెళ్లివాళ్లు ఆమె జూలుకు పూలు ఎలా కట్టారో చెప్పేవాడు. కొన్ని నిజం, కొన్ని కల్పించినవి. తురాయి గిట్టలు తేలిగ్గా పడేవి. ఒంటరి నక్కకు కూడా ఆ పిల్లాడి వెచ్చటి వీపు అలవాటైపోయింది. పొద్దున లేవగానే కర్బూజ కంటే ముందు వాడే గుర్తొచ్చేవాడు.

అలా సాగుతుండగా ఒకరోజు పాయ మధ్యలో తురాయి ఆగిపోయాడు. ఎందుకని అడిగితే, కింద ఇసుక కదులుతోందన్నాడు. నక్క అటుగా కొట్టుకొచ్చిన రెల్లుపుల్లను అందుకుని ముందుకు గుచ్చి చూశాడు. పుల్ల నిలువునా దిగిపోయింది. ఊబి. ఇద్దరూ చుట్టు తిరిగి వెళ్లారు.

వారం తర్వాత మళ్లీ ఆగాడు. ఈసారి చూస్తే, నీళ్లలో ఎవరిదో పాత పంచె కొట్టుకొస్తోంది. అది దాటిపోయేదాకా వాడు అడుగు వేయలేదు. ఈలోగా పొద్దెక్కి, రైతు కర్ర పట్టుకుని తోటలో కనబడ్డాడు. ఆ పూట పస్తు. మూడోసారి ఆగినప్పుడైతే అక్కడ ఏమీ లేదు. కనీసం నక్క కంటికి ఏమీ కనబడలేదు. పండ్లు రోజుకు రోజు పక్వానికి వస్తున్నాయి, ఇంకో రెండు వారాలైతే రైతు కోసుకుపోతాడు. ఓబులేసు ఓపిక అయిపోయింది.

అప్పుడు అతనికొక ఉపాయం తట్టింది. తిరగడం నేర్పినట్టే, ఆగకపోవడం కూడా నేర్పవచ్చు. తిమ్మన్న చెప్పిన కిటుకు చేతిలోనే ఉంది. తిమ్మన్నకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడు పాయలో తురాయి అడుగు తడబడగానే నక్క గోళ్లన్నీ దించాడు. వాడు ఉలిక్కిపడి ముందుకు నడిచాడు. నడిచిన క్షణంలోనే గోళ్లు తీసేశాడు. ఒక్క ఊపిరి కూడా ఆలస్యం చేయలేదు. తురాయి ఏదో చెప్పబోయాడు, దాని కోసం మళ్లీ ఆగాడు. మళ్లీ గోళ్లు దిగాయి. నడిస్తే లేచాయి. నాలుగు రోజులు ఇలా జరిగింది. అయిదో రోజు ఇదివరకైతే ఆగేచోట వాడి చర్మం కొద్దిగా వణికింది, అంతే. ఆగకుండా నడిచాడు. పెన్న పొడవునా ఇంత బాగా నేర్చిన గుర్రం లేదనుకున్నాడు ఓబులేసు. కొంగలు కూడా అదే మాటన్నాయి.

తల్లి కబుర్లు ఆ వారంలోనే ఆగిపోయాయి. తురాయి ఒకసారి అడిగితే, రేపు చెబుతానన్నాడు నక్క. వాడు మళ్లీ అడగలేదు.

తిమ్మన్నకు ఏదో తేడాగా అనిపించింది. తురాయి చెవులు ఇదివరకటిలా అటూ ఇటూ తిరగడం లేదు. కొమ్మ విరిగినా, కుక్క మొరిగినా కదలడం లేదు. దగ్గరకు పిలిచి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉందని, ఇప్పుడు తాను చాలా బాగా నడుస్తున్నానని ఓబులేసు మావ అంటున్నాడని చెప్పాడు తురాయి. వీపు మీద గీతలు తిమ్మన్న కంట పడ్డాయి. నక్కను నిలదీయాలనుకున్నాడు. కానీ పిల్లాడు పని నేర్చుకున్నాడు, అల్లరి తగ్గింది, కుదురుగా ఉన్నాడు. గీతలు మానిపోతాయిలే అనుకుని మేతకు తల వంచాడు.

రైతు పండ్లు కోయడానికి రెండు రోజుల ముందు సంగతి. ఆకాశం తేటగా ఉంది. పెన్న ఒడ్డున చినుకైనా పడలేదు. ఎగువన ఎక్కడో కొండల్లో మాత్రం ముందురోజంతా వాన కుండపోతగా కురిసింది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు.

తెల్లవారుతూనే ఇద్దరూ పాయలో దిగారు. నాలుగడుగులు వేసేసరికి తురాయి వీపు మీద చర్మం వణికింది. నక్క చూశాడు, అలవాటే కదా అనుకున్నాడు. వాడు నడిచాడు. పాయ మధ్యకు వచ్చేసరికి నీళ్లు మోకాలు దాటి పొట్టను తాకాయి. రంగు మారింది. గడ్డిపరకలు, నురగ కొట్టుకొస్తున్నాయి. అప్పుడు ఓబులేసు తల తిప్పి ఎగువకు చూశాడు. ఇసుక మీదుగా ఎర్రటి నీళ్లు నిలువెత్తున వస్తున్నాయి.

వెనక్కి తిరగమని అరవబోయేలోపే ఆ నీళ్లు వాళ్లను తాకాయి. తురాయి మునిగి లేచాడు. నక్క వాడి జూలు పళ్లతో కరిచి పట్టుకున్నాడు. ప్రవాహం వాళ్లను పక్కకు నెట్టుకుంటూ తిప్ప అంచుదాకా తోసింది. అక్కడ తురాయి గిట్టలకు నేల అందింది. మెడ చాచి తిప్ప మీద ఆనించాడు. ఓబులేసు ఆ మెడ మీదుగా పాకి పైకి దూకాడు.

తురాయి కూడా ఎక్కబోయాడు. ముందుకాళ్లు పెట్టినచోటల్లా ఇసుక పెళ్లలు పెళ్లలుగా విరిగి నీళ్లలో పడింది. వెనకకాళ్లు కిందికి దిగబడుతున్నాయి. మూడుసార్లు ప్రయత్నించి, రొప్పుతూ నిలబడ్డాడు. నీళ్లు వీపు దాటాయి. నక్క అంచున పొట్ట మీద పడుకుని, కనబడిన జూలంతా నోట కరిచి లాగాడు. నక్కెంత, గుర్రమెంత. ఊపిరాడక వదిలి అడిగాడు.

"ఇది వస్తోందని నీకు ముందే తెలిసిందా?"

"దిగగానే తెలిసింది మావా. గిట్టల కింద నీళ్లు వేరేగా కొట్టుకున్నాయి."

"మరి ఆగలేదేంరా?"

"ఆగకూడదని నేర్పావు కదా."

వాడి గొంతులో నిష్ఠూరం లేదు. వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఓబులేసు మళ్లీ జూలు అందుకున్నాడు. ఆ వెంటనే తురాయి నిలబడ్డ ఇసుక జారిపోయింది. నక్క నోట్లో నాలుగు వెంట్రుకలు మిగిలాయి. కొంత దూరం వాడి తల కనబడింది. తర్వాత ఎర్రటి నీళ్లే.

ఇవతలి ఒడ్డున తిమ్మన్న అంతా చూశాడు. నీళ్లలో పొట్ట దాకా దిగి, ఇక దిగలేక, వాడి పేరు పెట్టి రంకె వేస్తూ నిలబడ్డాడు.

మూడు రోజులకు వరద తీసింది. ఆ మూడు రోజులూ ఓబులేసు తిప్ప మీదే ఉన్నాడు. చుట్టూ పండిన కర్బూజలు, వరద పగలగొట్టినవి కొన్ని. ఒక్కటి కూడా ముట్టుకోలేదు. నీళ్లు చీలమండ దాకా తగ్గాక కుంటుకుంటూ పాయ దాటాడు. ఎద్దు దగ్గరకు వెళ్లి జరిగిందంతా చెప్పాడు. నాలుగు రోజుల గోళ్ల పాఠం గురించి కూడా దాచకుండా చెప్పాడు. తనను పొడిచి చంపమని అడిగాడు.

తిమ్మన్న తల వంచి కొమ్ములు ఇసుకకు ఆనించాడు.

"గీతలు నేను చూశాను," అన్నాడు. "చూసి ఊరుకున్నాను. కొమ్ములతో ఎవర్ని పొడవాలి?"

తర్వాత ఇద్దరూ ఏటి వెంట దిగువకు నడిచారు. ముందు ఎద్దు, వెనక నక్క. సాయంత్రానికి రెండు ఊళ్లు దాటాక, తుంగలో చిక్కుకుని కనబడ్డాడు తురాయి. తిమ్మన్న వాడి ముఖం మీది బురదను నాలుకతో నాకి శుభ్రం చేశాడు. కాకులు దిగబోతే ఓబులేసు చీకటి పడేదాకా వాటిని తరుముతూనే ఉన్నాడు.

ఎదుటివాడి జంకును మాన్పించే ముందు, వాడు దేనికి జంకుతున్నాడో ఒక్కసారి చూడాలి.