దిగువవాడ కాలువ

ప్రజల చేతికే పాలన అని చాటింపు వేయించి, రాజుగారు పట్నం పనులన్నీ నగరసభకు అప్పగించారు. సభాపతి ధర్మలింగం శెట్టి వాటిని అంతే ఉదారంగా కిందికి తోసేశాడు. ఏ వాడ కాలువలోని మురికిని ఆ వాడలో కాపురమున్నవాళ్లే ఎత్తిపోయాలని, ఇంటికో మనిషి దిగాలని శాసనం చేశాడు. ఊరి మురికంతా పారేది పల్లానికే. దిగువవాడ నూకాలు రోజూ మొలలోతు బురదలో దిగేది.

ఏడాది తిరక్కుండానే సభ ఇంకో తీర్మానం చేసింది. దిగువవాడ వాళ్లను ఏటి అవతలికి తరిమేసి, ఏటి గాలి బాగా వీచే ఆ వాడలో సభ్యులకు మేడలు కట్టాలట.

"ఊరి మేలు కోసమే నూకాలూ, లేచిపోండి" అన్నాడు శెట్టి.

నూకాలు బురద తట్ట తెచ్చి సభ మధ్యలో పెట్టింది.

"పోతాం బాబయ్యా. తవరి మేడలోంచి కాలువలోకి దిగేదెవరు? అమ్మగారా, చినబాబా? చెబితే పని నేర్పి పోతాను."

"మేమెందుకు దిగుతాం? మీరే వచ్చి చేస్తారు!"

"కాపురమున్నోళ్లే దిగాలని తవరే అన్నారు గదా?"

"ఆ శాసనం రద్దు చేసేస్తాం!"

"చెయ్యండి. ఏ వాడది ఆ వాడకే అన్నది పోతే, ఊరి కాలువ ఊరంతా ఎత్తాలి. ముందు తవరి వీధినుంచే మొదలెడదామా?"

సభ్యులు ఒక్కొక్కరే మేడ వద్దన్నారు. తీర్మానం రద్దయింది.

"ఇళ్లు దక్కించావే!" అని పక్కింటి సూరమ్మ నూకాలును కావలించుకుంది.

"మన మీద జాలితో కాదే, ఆ మురికిలోకి దిగే మనుషులు కావాలని ఉంచారు" అంటూ నూకాలు చీర ఎగదోపుకొని కాలువలోకి దిగింది.