విషం తిన్న అనుభవం

రాజుగారి భోజనంలో విషముందేమోనని ముందుగా రుచి చూసే కొలువు ఖాళీ అయింది. నలుగురు తమ్ముళ్ల కడుపు నింపాల్సిన గురవి, నెలకు పది కుంచాల బియ్యమని విని పరుగున వచ్చింది.

వంటశాల అధికారి పేరయ్య మీసం దువ్వాడు. "పది కుంచాలు అనుభవమున్నవాళ్లకే పిల్లా! నువ్వెప్పుడైనా విషం తిన్నావా? లేదుగా! అయితే అయిదే."

"తిన్నవాళ్లెవరైనా కొలువడగడానికి వచ్చారా అయ్యా?" అంది గురవి.

పీటమీద కూర్చుని భోజనానికి ఎదురుచూస్తున్న రాజుగారు పకపకా నవ్వారు. "పది కుంచాలూ ఇవ్వవయ్యా!"

పేరయ్య మొహం మాడింది. "నెలాఖరుకొచ్చి పట్టుకెళ్లు."

"నెలాఖరులోపు అరవై భోజనాలున్నాయయ్యా! ఇప్పుడే కొలిచిస్తే, ఇంట్లో పెట్టొచ్చి మొదటి ముద్ద తింటాను."

రాజుగారికి ఆకలి దంచేస్తోంది. పేరయ్యే పరుగెత్తి బియ్యం కొలిచాడు.