కదలని తరగతి

గుట్ట వాలున, తంగేడు పొదల మధ్య మేకపిల్లలకీ గొర్రెపిల్లలకీ ఒక బడి ఉండేది. పాఠాలు చెప్పేది నాంచారమ్మ అనే ముసలి మేక. హెడ్మాస్టరు పొట్టేలు. మనసు మంచిదే పాపం, కానీ పైఅధికారి పేరు వింటే చాలు హడలిపోయేది.

మృగరాజు కొలువు నుంచి తనిఖీకి ఎవరో వస్తున్నారని కబురు రాగానే పొట్టేలుకి కంటిమీద కునుకు కరువైంది. ఆ కబురు గుట్ట అవతలి నక్క చెవిన కూడా పడిందని దానికి తెలియదు.

"టీచరమ్మా, ఏమిటీ తరగతి? ఆకు కదిలితే చాలు, పిల్లలంతా రాళ్లమీదికి ఎగబాకుతారు. ఆఫీసరు చూస్తే నా పరువేం కాను?"

"నేను నేర్పిందే అది సార్. కొత్త వాసన తగిలితే ముందు రాయెక్కాలి. మిగతా చదువు ఆ తర్వాతే."

"ఆ పాఠం ఆపెయ్యండి. లేకపోతే మీ ఉద్యోగం నేను నిలబెట్టలేను."

ఆ రోజు నుంచి పొట్టేలే తరగతి తీసుకుంది. ఎవరొచ్చినా తల వంచాలి, కదలకూడదు. అందరికన్నా ముందు దాని కొడుకే నేర్చుకున్నాడు. పొట్టేలు మురిసిపోయింది.

ఒక ఉదయం నక్క దర్జాగా వచ్చి, "తనిఖీ" అంది.

నాంచారమ్మ పొట్టేలు దగ్గరికి పరుగెత్తింది. "సార్, అది నక్క!"

"నెమ్మదిగా మాట్లాడమ్మా! నక్కయితేనేం, ఆఫీసరు గారు."

నక్క వరసల మధ్య తిరిగింది. ఒక్క పిల్లా కదల్లేదు. "భేష్, హెడ్మాస్టరు గారూ! ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదు. ఇక ఒక్కొక్కరినీ ఆ పొద చాటున పరీక్షిస్తాను. బుద్ధిమంతుణ్ణి ముందు పంపండి."

"రాయెక్కండర్రా!" నాంచారమ్మ గొంతు చించుకుని అరిచింది.

పిల్లలు ఒక్కసారిగా చెదిరి రాళ్లెక్కేశారు. ఒక్కడు మాత్రం నిలబడి తండ్రి ముఖంలోకి చూశాడు. పొట్టేలు సిగ్గుతో చచ్చిపోతూ, "నువ్వు కదలకు నాన్నా, సార్ చూస్తున్నారు" అంది.

వాడు కదల్లేదు. తల కూడా వంచాడు. నక్క వాణ్ణి మెడ దగ్గర కరుచుకుని పొదల్లోకి దూకింది. పొట్టేలు కొమ్ములు విదిలించి వెంటపడేలోపే నక్క గుట్ట దాటిపోయింది.

సాయంత్రం దాకా వెతికి, వట్టి చేతులతో తిరిగొచ్చి, నాంచారమ్మ ముందు కూలబడింది పొట్టేలు.

"టీచరమ్మా, వాడు పారిపోయేవాడే. నేనే వద్దన్నాను."

 ముసలి మేక పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

చూడవచ్చినవాడి మెప్పు కోసం నడిచే బడిలో ముందు బలయ్యేది పిల్లలే.