ఏనుగు రూపం ఎవరిది?

తన ఏనుగు బొమ్మను చూసి నాంచారమ్మ అనే శిల్పి అలాంటిదే చెక్కి అమ్ముతోందని ఆస్థాన శిల్పి విరూపాచారి రాజుకు ఫిర్యాదు చేశాడు. నేరం రుజువైతే ఆమె ఇక ఉలి పట్టకూడదు.

సభలో పక్కపక్కన పెట్టిన రెండు బొమ్మలూ చూడగానే ఒకేలా కనిపించాయి.

"ఆచారిగారు దేన్ని చూసి చేశారు ప్రభూ?" అని అడిగింది నాంచారమ్మ.

"పట్టపుటేనుగును," అన్నాడు విరూపాచారి.

"నేనూ దాన్నే చూశాను. దాని ఎడమ చెవికి చిరుగుంది. నా బొమ్మకూ ఉంది. వారి బొమ్మకు లేదు. వారిది చూసి చెక్కితే ఆ చిరుగు నాకెలా తెలుస్తుంది?"

రాజు పరీక్షగా చూసి తలూపాడు. "మరి ఈ రూపం మీ ఇద్దరిలో ఎవరిది?"

"ఏనుగుది ప్రభూ. మేమిద్దరం చెరో చెరుకు మోపు దానికి ఇచ్చుకోవాలి."

సభ నవ్వింది. విరూపాచారి మాత్రం ఆమె బొమ్మ చెవిని వేలితో తడిమాడు.

"పదేళ్లుగా దాన్నే చెక్కుతున్నానమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఈ చిరుగు నేనెప్పుడూ చూడలేదు."