మొదటి మెట్టు మీద పూలదండ

ఎండలు ముదిరాయంటే బూరుగుమెట్ట అడవిలో నీళ్ళు మిగిలేది ఒక్క మడుగులోనే. అందులో ఎవరు ముందు తాగాలి, ఎవరు వెనక తాగాలి అన్నది మడుగు అధికారి చెప్పినట్టు జరుగుతుంది. అడవిదున్నలు ముందు, పందులు తర్వాత, దుప్పులు అందరికన్నా చివర. చివరికి నీళ్ళు ఉండవని కాదు. ఉంటాయి, పందులు పొర్లాడి వెళ్ళాక ఎలా ఉండాలో అలా ఉంటాయి. దుప్పుల్లో ఇంతవరకూ ఒక్కరూ అధికారి కాలేదు, అందుకని ఈ వరస ఇలా ఎందుకుందని అడిగినవాళ్ళూ లేరు.

అడిగేవాణ్ణి నేనవుతానని చుక్కన్న అనే దుప్పి పట్టుబట్టాడు. బురద నీళ్ళు తాగి తాగి వాళ్ళమ్మకు దగ్గు పట్టుకుంది. ఆమె దగ్గినప్పుడల్లా వాడికి పుస్తకం మీదికి మనసు పోయేది.

అధికారుల పరీక్షకు మూడు మెట్లు. మొదటిది ప్రిలిమ్స్. ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి, సరైనదాని మీద గిట్ట ముద్ర వెయ్యాలి. తప్పు వేస్తే వచ్చిన మార్కుల్లోంచి కోత పడుతుంది. రెండోది మెయిన్స్. అసలు సిలబస్సంతా అక్కడే ఉంది: అడవి చరిత్ర, నీళ్ళూ మేతా పంపకాలు, ధర్మసంకటాలు, ఇవి కాక ఓ పెద్ద వ్యాసం. అన్నీ సొంతంగా రాయాలి. మూడోది ఏనుగు పెద్దల ఎదుట కూర్చుని జవాబులు చెప్పే ఇంటర్వ్యూ. ప్రిలిమ్స్ మార్కులు లోపలికి రానివ్వడానికే తప్ప చివరి లెక్కలో కలవవు. ఈ సంగతి పరీక్షబండ మీద చెక్కి ఉంది. కోతిపిల్లలకు కూడా తెలుసు, చుక్కన్నకూ తెలుసు. తెలియక చెడ్డాడని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

వయసు హద్దు కూడా ఉంది. దుప్పులకైతే కొమ్ముకు మూడో పాయ విచ్చుకున్నాక పరీక్షకు కూర్చోనివ్వరు. చుక్కన్న అంతకుముందు రాసిన ప్రతిసారీ ప్రిలిమ్స్ దగ్గరే తన్నేసింది. ఇప్పుడు మూడో పాయ మొగ్గ తొడిగి ఉంది. ఇదే ఆఖరు.

అందుకే నక్క జోగినాథం మాస్టారి కోచింగులో చేరాడు. మాస్టారు తన జన్మలో ఆ పరీక్ష పాసయ్యింది లేదు. తప్పిన అనుభవం మాత్రం బాగా ఉంది, కాబట్టి అడవిలో కోచింగంటే ఆయనదే.

ఆకు కదిలితే అది గాలో పులో చిటికెలో పోల్చుకునే జాతి దుప్పులది. ఆ చూపు ఈసారి కలిసొచ్చింది. పరీక్ష అయ్యాక మాస్టారు జవాబుల కీ ఎదురుగా పెట్టుకుని అందరి మార్కులూ లెక్కవేశాడు. వేసి చుక్కన్నను కావలించుకున్నాడు.

"ఫస్టు! అడవి మొత్తంలో నీకంటే ఎక్కువ వచ్చినవాడు లేడయ్యా చుక్కన్నా!"

"నిజమేనా మాస్టారూ?"

"నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

చెప్పలేదు. అదే ఆయనలోని గొప్పతనం. సాయంత్రానికల్లా కోచింగు గుహ ముందు పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. మెళ్ళో బంతిపూల దండతో చుక్కన్న నవ్వుతున్నాడు. కింద లావుపాటి అక్షరాలతో "మా చుక్కన్న, అడవికే ఫస్టు" అని ఉంది. దేన్లో ఫస్టో రాయడానికి చోటు చాలలేదు కాబోలు.

అమ్మ దగ్గుకుంటూ వచ్చి ఫ్లెక్సీని కిందా మీదా చూసింది.

"ఉద్యోగం వచ్చేసినట్టేనా నాన్నా?"

ఇంకా రెండు మెట్లున్నాయమ్మా అనడానికి చుక్కన్న నోరు తెరిచాడు. చుట్టూ మంద నిలబడి ఉంది. అందరూ వాడి మొహంలోకే చూస్తున్నారు. ఆ చూపులు వాడికి చాలా బాగున్నాయి.

"వచ్చినట్టేలే అమ్మా," అన్నాడు.

వచ్చే ఎండాకాలం మా పిల్లలు తేటనీళ్ళు తాగుతారని ఆవిడ కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే ముళ్ళపంది ఈరప్ప వచ్చాడు. చిన్నప్పటి స్నేహితుడు. వాడూ ఆ పరీక్షే రాశాడు, చావుతప్పి గట్టెక్కాడు. వాడికి ఫ్లెక్సీ కాదుగదా చీటీముక్క కూడా ఎవరూ వెయ్యలేదు.

"ఒరే, ఇవాళ్టి నుంచి మెయిన్స్‌కి జవాబులు రాద్దాం రా. నువ్వు రాసింది నేను దిద్దుతా, నేను రాసింది నువ్వు దిద్దు."

"ఇవాళ కుందేళ్ళ పేటలో సన్మానం ఉందిరా. రేపొస్తా."

రేపు మేకల గుంపు పిలిచింది. ఎల్లుండి నెమళ్ళు. ఎక్కడికెళ్ళినా మాస్టారు పక్కనే ఉండి చుక్కన్న చేత మాట్లాడించేవాడు. "పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చు. నా ఈ విజయం మా అమ్మకు అంకితం," అని వాడు ముగించేవాడు. చప్పట్లు పడేవి. చప్పట్లు ఆగకముందే పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు మాస్టారి చుట్టూ మూగేవాళ్ళు.

ఒకసారి చుక్కన్నకే గుబులు పుట్టింది. "మాస్టారూ, మెయిన్స్ దగ్గరకొస్తోంది. ఇంక తిరగడం మానేసి చదువుకుంటాను."

"చదువుకో, వద్దన్నానా? అయినా నీకు చదువో లెక్కా? ఫస్టు వచ్చినవాడివి! ఇవాళ జింకల వాగు ఒక్కటీ చూసుకొచ్చేద్దాం. పాపం, పిల్లలు పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నారు."

పిల్లలు ఎదురుచూస్తున్నారంటే చుక్కన్న కాదనలేకపోయాడు. దారిలో ఈరప్ప ఎదురయ్యాడు. రాసి రాసి వాడి ముంగాలు వాచి ఉంది.

"నువ్వు ఒక్క జవాబైనా రాశావట్రా?" అని అడిగాడు.

"నాకు తెలియనిదేముందిరా అందులో? ఆ సిలబస్ నాకు నోటికొచ్చు."

"నోటికొచ్చిందని చేతికి రాదురా."

"అంచుమీద పాసైనవాడివి, ఫస్టు వచ్చినవాడికి చెప్తున్నావా?"

ఆ మాట అని ఉండకూడదు. అన్నాడు. ఈరప్ప పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఆ తర్వాత పిలవడానికి రాలేదు.

మెయిన్స్ రోజున ప్రశ్నపత్రం తెరవగానే చుక్కన్న గుండె ఎగిరి గంతేసింది. మొదటి ప్రశ్నే వాడిది. "ఎండాకాలంలో మడుగు నీటిని అన్ని జాతులకూ ఎలా పంచాలి? కారణాలతో వివరించండి." వాడు పుట్టినప్పటినుంచీ ఆలోచిస్తున్నది ఇదే. ఆనందంగా ప్రశ్న కిందికి చూశాడు. ఖాళీ కాగితం. తను వెతుకుతున్నది నాలుగు జవాబుల కోసమని వాడికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది.

అక్కడ నాలుగు జవాబులుండి ఉంటే సరైనదాన్ని కళ్ళు మూసుకుని పట్టుకునేవాడే. సొంతంగా మొదలుపెట్టబోతే మాట దొరకలేదు. ఏది ముందు చెప్పాలో, దేన్ని దేనితో ముడిపెట్టాలో కాలికి అలవాటు లేదు. చాలాసేపు కూర్చుని ఒక వాక్యం రాశాడు. చదువుకుంటే అది "పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చు" అని ఉంది. కొట్టేశాడు. ముందు వరసలో ఈరప్ప తన ముల్లే కలంగా చేసుకుని, తల ఎత్తకుండా రాసుకుపోతున్నాడు. చుక్కన్నకు సిగ్గేసింది. సిగ్గుపడటంతోనే మిగతా సమయం గడిచిపోయింది.

ఫలితాల్లో చుక్కన్న పేరు లేదు. ఆ సంగతి వాడు అమ్మకు చెప్పలేదు. ఈరప్ప ఇంటర్వ్యూ కూడా దాటి అధికారి అయ్యాడు. అప్పటికి చుక్కన్న కొమ్ముకు మూడో పాయ విచ్చుకుంది.

వెళ్ళబోయే ముందు ఈరప్ప చూడటానికి వచ్చాడు.

"ఇంక నువ్వే మా నీళ్ళ వరస మార్చాలిరా," అన్నాడు చుక్కన్న.

"నన్ను ఏటి అవతలి అడవికి వేశార్రా. మన మడుగు నా చేతిలో లేదు." ఈరప్ప గొంతు తగ్గించాడు. "నీళ్ళ ప్రశ్నకి నేను రాసింది ఏంటో తెలుసా? బాలింతలూ పిల్లలూ ముందు తాగాలి, పొర్లాడేవాళ్ళు ఆఖర్న దిగాలి అని. చిన్నప్పుడు మడుగు గట్టున కూర్చుని నువ్వు రోజూ చెప్పేవాడివే, ఆ మాటలే. అక్కడికి వెళ్ళాక ఆ వరసే పెడతా."

అవతలి అడవిలో ఎవరి తల్లులో తేటనీళ్ళు తాగుతారు. చుక్కన్న తల ఊపాడు. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ చూడలేదు.

కోపం పట్టలేక ఆ సాయంత్రం గుహ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. దండలో ఈరప్ప. "మా శిష్యుడు, మా గర్వం."

"వాడు మీ దగ్గర ఎప్పుడు చదివాడు మాస్టారూ?"

"మాక్ ఇంటర్వ్యూ సాధనకి ఒక పూట వచ్చాడయ్యా. అబద్ధమేముంది ఇందులో?"

"నన్నెందుకు అడవంతా తిప్పారు? మార్కులు కలవవని మీకు తెలియదా?"

"నీకు తెలియదా?" అన్నాడు జోగినాథం, మెత్తగానే. మాస్టారు కొత్తగా చేరిన కుందేలుపిల్లల వైపు తిరుగుతూ, "నీ ఫ్లెక్సీ మీ అమ్మ అడిగి పట్టుకెళ్ళింది," అన్నాడు.

ఇంటికి వస్తుంటే వాన అందుకుంది. తడుస్తూనే పొదలోకి దూరాడు. లోపల చుక్క కూడా పడటం లేదు. అమ్మ ఫ్లెక్సీని పొద మీద కప్పి, నాలుగు వైపులా రాళ్ళు పెట్టింది. బొమ్మ ఉన్న వైపు లోపలికి ఉంది. పడుకుంటే సరిగ్గా కళ్ళ ఎదురుగా దండ వేసుకుని నవ్వుతున్న తన మొహం.

"బొమ్మ లోపలికి పెట్టావేంటమ్మా?"

"పైకి పెడితే వానకి నీ మొహం పాడైపోదూ?" అని దగ్గింది అమ్మ. దగ్గు తగ్గాక నెమ్మదిగా అడిగింది. "మన నీళ్ళ సంగతి ఈ ఎండాకాలానికి తేలుతుందా నాన్నా, వచ్చే ఏడాదికా?"

చుక్కన్న కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఆవిడ నిద్రపోయాడనుకుంది.

ఇందులో నీతి ఏమిటంటే, గుమ్మంలోనే నిలబడి దండలు వేయించుకునేవాడు లోపలికి వెళ్ళేసరికి వడ్డన అయిపోయి ఉంటుంది.