చామాకు తాగని కన్నీళ్ళు

ఒకప్పుడు చామాకు కూడా అన్ని ఆకుల్లాగే తడిసేది. వాన పడితే చాలు, గటగటా తాగేసి, బరువెక్కి నేలకు వేలాడేది. ఇప్పుడు దాని మీద నీళ్ళు పోసి చూడండి. ఒక్క బొట్టు అంటుకుంటే నన్నడగండి! ఎందుకలా అయిందో చెబుతాను, కదలకుండా కూర్చోండి.

చాలా దూరాన, ఇగ్బో వాళ్ళ దేశంలో, ఉముడిమ్ అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పంటల్లో కూడా మగ పంట, ఆడ పంట అని ఉండేవి. పెండలం మగవాళ్ళది, చామ ఆడవాళ్ళది. పెండలం ఎంత పండిస్తే అంత మొనగాడు. ఇక చామదొడ్లో అడుగు పెట్టడమంటే మగవాడికి నామోషీ.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మగవాడు ఏడవకూడదు. ఏడుస్తూ ఎవరి కంటనైనా పడ్డాడా, ఇక అంతే! పెద్దలు కూర్చుని, మనం తాంబూలం ఇచ్చినట్టు మర్యాదగా కోలా కాయ విరిచి పంచేటప్పుడు అతని చెయ్యి దాటేసి పక్కవాడికి ఇచ్చేవారు. ఆడవాళ్ళు ఏడవచ్చు, మేకపిల్ల ఏడవచ్చు, ఆకాశమంత ఆకాశం ఏడవచ్చు. మగవాడు మాత్రం ఏడవకూడదట. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో గానీ, నాకైతే వాళ్ళ మీద ఒళ్ళుమంట.

ఆ ఊళ్ళో ఉడెంకా అని ఒక పెద్ద రైతు. అతని తండ్రి రాయిలాంటి మనిషని పేరు. కొడుక్కీ అదే నేర్పాడు. అందుకే కాలి మీద పార పడ్డా ఉడెంకా ఏడవలేదు. ఆ తండ్రి పోయినప్పుడూ ఏడవలేదు. వచ్చిన ఏడుపు వచ్చినట్టే మింగేశాడు.

పెండలం తీగలకు కర్రలు పాతే రోజులొచ్చాయి. అప్పుడే ఉడెంకా కూతురు ఓలన్మాకు జబ్బు చేసింది. తిన్నదల్లా కక్కేస్తోంది. పిల్ల ఆకుకూర కాడలా వాడిపోయింది. వైద్యుడు వచ్చి చేదు వేళ్ళతో కషాయం కాచాడు.

"ఇది తాగిందా, బతికి బట్టకడుతుంది. తాగలేదా, ఇక నా చేతుల్లో లేదు" అన్నాడు.

ఓలన్మా పళ్ళు బిగించేసింది. "నాన్న పట్టిస్తేనే తాగుతా" అంది.

తల్లి అడాకు పొలానికి పరుగెత్తింది. "ఓలన్మా నాన్నా, ఒక్కసారి రావయ్యా! నువ్వొస్తేగాని తాగనంటోంది."

"నాకు పనుంది. నువ్వే పట్టించు" అన్నాడు ఉడెంకా ముఖం తిప్పుకుని.

పనీ లేదు, పాడూ లేదు. పాతిన కర్రనే పీకి మళ్ళీ పాతుతున్నాడు. పిల్ల పడుకున్న గుడిసె నిండా చూడ్డానికి వచ్చిన చుట్టాలున్నారు. పిల్ల ముఖం చూస్తే ఏడుపు ఆగదని అతని భయం. ఇన్నేళ్ళుగా మింగిందంతా గొంతులో ఉండకట్టి కూర్చుంది. అది బయటికొస్తే పరువు పోతుంది. లోపలే ఉంచితే పిల్ల పోతుంది.

'ముందు ఎక్కడైనా కడుపారా ఏడ్చేసి, అప్పుడు వెళ్తాను' అనుకున్నాడు. కానీ ఎక్కడ? అతను ఉండే ముందు సావిడికి తలుపే ఉండదు. వచ్చేపోయే మగవాళ్ళతో పొద్దస్తమానం సంతలా ఉంటుంది.

పెండలం తీగను అడిగాడు. "నీ చాటున కూర్చుని కాసేపు ఏడవనా?"

"ఛీ ఛీ! నేను పంటలన్నిటికీ రాజుని. నీ కన్నీళ్ళు నా మొదట్లో పడితే గడ్డ కుళ్ళిపోతుంది. పో అవతలికి!" అంది పెండలం. కర్రకు ఇంకో చుట్టు చుట్టుకుని తల పైకెత్తుకుంది.

కల్లుచెట్టును అడిగాడు.

"నాకేం ఇబ్బంది లేదు నాయనా. కానీ నా కింద కూర్చుని తాగేవాళ్ళ నోళ్ళు ఎలాంటివో నీకు తెలియదా?" అంది కల్లుచెట్టు.

ఉడెంకాకు ఏం చెయ్యాలో తోచలేదు. కాళ్ళీడ్చుకుంటూ ఇంటి వెనక్కి వచ్చాడు.

"ఇటు రా" అన్నారెవరో మెల్లగా. చూస్తే చామ!

"నేను మగవాణ్ణి. అటు రాకూడదు" అన్నాడు.

"అందుకే నిన్నిక్కడ ఎవరూ వెతకరు" అంది చామ.

ఉడెంకా అటూ ఇటూ చూశాడు. కోళ్ళ దొంగలా నడుం వంచి చామదొడ్లోకి దూరాడు. నవ్వకండి, అంత పెద్ద రైతూ అలాగే దూరాడు.

"ఒక మాట చెప్పనా? చాలా ఏళ్ళ కిందట ఒకాయన ఇలాగే వచ్చి ఏడ్చాడు" అంది చామ. "నేను అలవాటుగా తాగేశాను. మర్నాడు ఆ ఇంటావిడ నా లేతాకులే కోసి కూర వండింది. కూరంతా ఉప్పుకషాయం! ఆయనకు సంగతి తెలిసిపోయి, సిగ్గుపడి మళ్ళీ ఇటు రానేలేదు. నీకు అలా కానివ్వను. నీ కన్నీళ్ళు తాగను. ఊరికే పట్టుకుంటాను."

"నీకు దాహం వెయ్యదా?"

"వేస్తుంది. ఓర్చుకుంటాలే. నువ్వు కానియ్యి."

ఇక ఉడెంకా ఏడ్చాడు. అబ్బ, ఎలా ఏడ్చాడనుకున్నారు! పార పడ్డప్పటి ఏడుపు, తండ్రి పోయినప్పటి ఏడుపు, ఓలన్మా కోసం వచ్చిన ఏడుపు, అన్నీ ఒక్కసారే వచ్చాయి. చామాకు ఒళ్ళు బిగబట్టింది. కన్నీటి బొట్లు దాని మీద గుండ్రంగా నిలబడ్డాయి. చల్లగాలి వచ్చి ఆకును ఊపింది. బొట్లన్నీ దొర్లి నేలలో ఇంకిపోయాయి. ఆకు మీద చెమ్మ కూడా లేదు.

ఉడెంకా గొంతులో ఉండ కరిగిపోయింది. హమ్మయ్య అని నిండుగా ఊపిరి పీల్చి, నేరుగా గుడిసెలోకి నడిచాడు. ఓలన్మాను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కషాయం చిప్ప నోటికందించాడు.

"చేదా నాన్నా?"

"చేదే తల్లీ. నేనున్నాగా."

ఓలన్మా ముఖం చిట్లించుకుని మొత్తం తాగేసింది. మర్నాడు పొద్దున లేస్తూనే, "అమ్మా, ఆకలి! చామకూర కావాలి!" అని అరిచింది. ఇల్లంతా ఒక్కసారిగా తేలికపడింది. ఉడెంకా గుండె మాత్రం గుభేల్మంది.

"కళ్ళు ఎర్రబడ్డాయేం, ఓలన్మా నాన్నా?" అంది అడాకు.

"పొయ్యి పొగ."

"ఇంకా పొయ్యే వెలిగించలేదు. అయినా పొగేలే" అంది అడాకు నవ్వాపుకుంటూ.

కూర ఉడికింది. ఉడెంకా భయంభయంగా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు సరిగ్గా సరిపోయింది! అతని ప్రాణం లేచొచ్చింది.

పక్కనే కూర్చున్న ముసలితల్లి కూడా రుచి చూసింది. ఒకసారి చామదొడ్డి వైపు, ఒకసారి కొడుకు కళ్ళ వైపు చూసింది.

"మీ తమ్ముడు పోయిన మర్నాడు నేనూ ఈ కూరే వండాను నాయనా" అంది మెల్లగా. "కూరంతా ఉప్పుకషాయం. మీ నాన్న ఒక్క ముద్ద తిని లేచిపోయాడు. నేను మాత్రం మొత్తం తినేశాను. ఆయన కన్నీళ్ళు పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు."

ఉడెంకా కళ్ళల్లో మళ్ళీ నీళ్ళు తిరిగాయి. ఈసారి మాత్రం అతను లేచి దొడ్లోకి పరుగెత్తలేదు. అమ్మ పక్కనే, కూతురి ఎదురుగానే కూర్చుని ఏడ్చాడు. ఓలన్మా వచ్చి తన బుల్లి చేత్తో ఆ నీళ్ళు తుడిచింది.

అప్పటినుంచే చామాకు నీళ్ళు తాగడం మానేసింది. ఎంత వాన కురిసినా బొట్లను అరచేతిలో పట్టుకున్నట్టు పట్టుకుని, గాలి రాగానే నేలకు వదిలేస్తుంది. అవి వాన చినుకులో, ఏ నాన్న కన్నీళ్ళో ఈనాటికీ ఎవరికీ చెప్పదు.