చాలు అనకూడని విందు

చెప్పండి, అతిథి కడుపు మీద అధికారం ఎవరిది? తినేవాళ్లదా, వడ్డించేవాళ్లదా?

ఉద్దండరాయుడనే దొర మాత్రం అది తనదే అనుకున్నాడు. దసరా విందులో "చాలు" అన్నవాళ్లు తనను అవమానించినట్టేననీ, వాళ్లకిక తన ఊళ్లో పని ఉండదనీ చాటింపు వేయించాడు.

ఆ పంక్తిలో నాంచారి కూర్చుంది. తాడు మీద నడిచి ఆటాడే మనిషి. మర్నాడే కోట ముందు ఆట. ఒళ్లు బరువెక్కితే కాలు తడబడుతుంది, తడబడితే నడుం విరుగుతుంది. పులిహోర, రెండు బూరెలు ఇష్టంగా తింది. కడుపు నిండింది. అప్పుడే దొర స్వయంగా వచ్చి ఇంకో నాలుగు బూరెలు విస్తట్లో పడేశాడు.

"తినవే! చాలంటావా?"

"అయ్యో, అంటానా దొరా!" అంటూ నాంచారి బూరెను చీమ కొరికినంత కొరికి, కళ్లు మూసుకుని నమలసాగింది.

మిగతావాళ్లు ఎప్పుడో తినేసి, పంక్తిలోనే కూర్చుని చూస్తున్నారు. ఆఖరి అతిథి లేచేదాకా దొర మెతుకు ముట్టకూడదన్నది ఆ ఇంటి ఆచారం. పొద్దు వాలింది. దొర కడుపు నకనకలాడింది.

"త్వరగా మింగవే తల్లీ!"

"మీ ఇంటి బూరెను ఊరికే మింగేస్తే మీకెంత అవమానం! తెల్లారినా సరే, రుచి చూస్తూనే తింటాను."

దొరకు కళ్లు తిరిగాయి. "చాలు! ఇక చాలు, లే!"

నాంచారి చటుక్కున లేచింది. "ఆ మాట అన్నది మీరే దొరా. మరి రేపట్నుంచి ఊళ్లో మీకు పని ఉన్నట్టా, లేనట్టా?"

పంక్తంతా గొల్లున నవ్వింది. చాటింపు ఆ పూటే రద్దయింది.

గరిటె పట్టిన అమ్మలారా, అయ్యలారా! ఈ పండక్కి అడిగి వడ్డించండి. వద్దంటే ఆ గరిటె వెనక్కి తీసుకోండి.